సొంత వెబ్‌సైటుకు పరీక్షకులెవరు?

ఒడిశాలోని గంజాం జిల్లాలో చిన్న వ్యాపారుల మధ్య, ముఖ్యంగా బరంపురం పట్టుచీరల దుకాణదారుల మధ్యా, అప్పడాలూ పచ్చళ్ళూ తయారుచేసి అమ్ముకునే కుటుంబాల మధ్యా ఒక అభిప్రాయం ఇంచుమించు స్థిరపడిపోయింది. యజమానో, చదువుకున్న కొడుకో కూతురో ఇంట్లో కూర్చుని కట్టిన వెబ్‌సైటు మీద పదిమందిని అభిప్రాయం అడగడం కాలయాపన అనీ, అడగవలసి వస్తే ఆ వృత్తిలో ఉన్న నిపుణుణ్ణే అడగాలనీ, అతడు పెదవి విరిస్తే ఉన్నదాన్ని పక్కన పడేసి డబ్బిచ్చి కొత్తది చేయించుకోవడమే తెలివైన పని అనీ దాని సారాంశం. కొనేవారికి వెబ్‌సైట్ల గురించి ఏం తెలుసునన్న ప్రశ్న ఈ అభిప్రాయానికి పునాది.

దీన్ని బలహీనంగా చెప్పి సులువుగా కొట్టివేయడం న్యాయం కాదు. దానికి మూడు ఆధారాలు చూపుతారు. బంధుమిత్రులు మొహమాటానికి మెచ్చుకుంటారే తప్ప లోపం చెప్పరన్నది మొదటిది. మామూలు మనుషుల్లో ఒకరు రంగు మార్చమంటే మరొకరు అక్షరాలు పెంచమంటారు కనుక, అందరి మాటా వింటే వెబ్‌సైటు ఒక తీరూ తెన్నూ లేకుండా పోతుందన్నది రెండోది. నాసిగా కనిపించే పేజీ సరుకు మీదే అనుమానం పుట్టిస్తుంది కనుక, ఇంటిలో చేసినది ఎప్పటికైనా నష్టమే తెస్తుందన్నది మూడోది. మూడింటిలోనూ కొంత నిజముంది. అయితే ఆ నిజాల నుంచి నిపుణుడే తీర్పరి అన్న నిర్ణయం ఏ దారినా రాదు, పైగా ఆ నిర్ణయాన్ని నమ్మినవారు తమకు అందుబాటులో ఉన్న అసలైన పరీక్షను చేజేతులా వదులుకుంటున్నారు.

1. తప్పు జవాబుది కాదు, ప్రశ్నది

బంధువుల మెప్పు పనికిరాదన్న మాట నిజమే. "మన సైటు ఎలా ఉంది పెద్దమ్మా?" అని అడిగితే "బాగుందిరా నాన్నా" అనే జవాబు వస్తుంది. ఆ జవాబు నిరుపయోగం కావడానికి పెద్దమ్మ నిపుణురాలు కాకపోవడం కారణం కాదు, ఎందుకంటే అలాంటి ప్రశ్నకు మర్యాద తెలిసిన మనిషి ఎవరైనా అదే జవాబు ఇస్తారు. అడిగినవారు కోరుకున్నది మెప్పే అని ప్రశ్నలోనే తెలిసిపోతున్నప్పుడు ఎదుటివారు దాన్ని కాదనరు. అదే పెద్దమ్మ చేతికి ఫోను ఇచ్చి, "పెళ్ళికూతురికి పదిహేను వేలలోపు ఎర్రంచు పట్టుచీర ఒకటి ఎంచి, అది విశాఖపట్నం చేరడానికి ఎన్నాళ్ళు పడుతుందో చూసి చెప్పు" అని ఒక పని అప్పగించి, పక్కన నోరు మెదపకుండా కూర్చుంటే మొహమాటానికి చోటే ఉండదు. ఆమె వేలు ఎక్కడ ఆగింది, ఏ బటన్‌ను రెండుసార్లు నొక్కింది, ఏ పేజీ నుంచి వెనక్కి వచ్చేసింది, ఎక్కడ "ఇదేమిటి?" అని కళ్ళద్దాలు సర్దుకుంది అన్నవన్నీ కళ్ళెదుటే కనబడతాయి. ఆ తరవాత ఆమె బాగుందని అన్నా, అనకపోయినా, తెలియవలసినది తెలిసిపోయినట్టే.

దీన్ని కంప్యూటర్ రంగంలో వినియోగ పరీక్ష అంటారు. వాడవలసిన మనిషికి నిజమైన పని ఒకటి ఇచ్చి, సాయం చేయకుండా, సూచనలు అందించకుండా, ఆ మనిషి పడే ఇబ్బందిని గమనించి రాసుకోవడమే దాని పద్ధతి. ఈ రంగంలో ప్రసిద్ధులైన జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో ప్రకటించిన లెక్క ప్రకారం, తాము పరిశీలించిన ప్రాజెక్టులలో ఒక్క మనిషిని పరీక్షించినప్పుడు ఉన్న లోపాలలో సగటున 31 శాతం బయటపడ్డాయి. రెండో మనిషి చూపే లోపాలలో కొన్ని మొదటి మనిషి చూపినవే కనుక లాభం క్రమంగా తగ్గుతూ వస్తుంది, అయిదుగురు పూర్తయ్యేసరికి దాదాపు 85 శాతం తేలతాయి. దీని ఆధారంగా నీల్సన్ 2000లో, పదిహేనుమందిని ఒకేసారి పరీక్షించడం కంటే అయిదుగురిని పరీక్షించి, లోపాలు దిద్ది, మళ్ళీ అయిదుగురి దగ్గరకు వెళ్ళడం మేలని వాదించాడు. ఆ శాతాలు సగటు లెక్కలే, ప్రతి వెబ్‌సైటుకూ అవే వర్తిస్తాయని చెప్పడానికి వీల్లేదు. అయినా ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటుంది: ఆ పరీక్షలో కూర్చోవలసిన అయిదుగురికీ ఉండవలసిన అర్హత నైపుణ్యం కాదు, ఆ సరుకు కొనే అవసరం. నిపుణుల రంగమే సామాన్యుణ్ణి పరీక్షకుడిగా కూర్చోబెడుతుంటే, ఆ నిపుణుల పేరు చెప్పి సామాన్యుణ్ణి గెంటివేయడం ఎంత విపరీతమో వేరే చెప్పనక్కరలేదు.

2. నిపుణుడికి తెలిసినదేమిటి, తెలియనిదేమిటి

నిపుణుడికి తెలిసినది చాలానే ఉంది. పేజీలోని ముఖ్యభాగం 2.5 సెకన్లలోపు తెరమీదికి రావాలని గూగుల్ పెట్టిన ప్రమాణం అతడికి తెలుసు. మామూలు అక్షరాలకూ వాటి వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలన్న అంతర్జాతీయ నియమమూ తెలుసు. కాని ఈ రకమైన జ్ఞానానికి ఒక లక్షణం ఉంది: దాన్ని కొలవవచ్చు. కొలవగలిగినదాన్ని ఉచితంగా దొరికే పరికరాలు కూడా కొలుస్తాయి, వెబ్‌సైటు చిరునామా ఇస్తే చాలు, ఏ బొమ్మ బరువుగా ఉందో, ఏ అక్షరం చదవడానికి వీల్లేకుండా ఉందో అవి జాబితా రాసి ఇస్తాయి. అంటే నిపుణుడి అభిప్రాయంలో పెద్ద భాగం ఇంట్లోనే రాబట్టుకోవచ్చు. కొనే మనిషి మనసులోని ప్రశ్నను మాత్రం ఏ పరికరమూ రాబట్టలేదు.

బరంపురం పట్టు విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చి స్థిరపడినట్టు చెప్పుకొనే దేరా నేతకారుల చేతిలో రూపు దిద్దుకున్న ఈ చీరకు, మగవారు కట్టుకునే జోడాకు, భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఒక ప్రాంతానికే చెందిన సరుకని చట్టం ఇచ్చే ముద్ర ఉంది. దీని ప్రత్యేకత అంచులో ఉంటుంది. గుడి శిఖరాల వరుసలా రంపపు పళ్ళ మాదిరిగా నేసే ఫోడా కుంభ అంచును చూసే తెలిసినవారు చీరను గుర్తుపడతారు. ఇప్పుడు ఒక మంచి డిజైనరు చేసిన పేజీని ఊహించవచ్చు: మడతపెట్టిన చీరలను దొంతరగా పేర్చి, పక్కన ఒక దీపం పెట్టి, మసక వెలుతురులో తీసిన అందమైన ఫోటో దాని నిండా పరుచుకుని ఉంటుంది. ఏ నిపుణుడు చూసినా తల ఊపుతాడు. ఆ చీర కొనదలచిన మనిషి మాత్రం ఫోను తెరమీద రెండు వేళ్ళతో ఆ ఫోటోను పెద్దది చేస్తుంది, అంచు దగ్గరికి వచ్చేసరికి బొమ్మ మసకబారుతుంది, మడతలో కుంభాల వరుస సగం దాగిపోతుంది, కొంగు ఎలా ఉందో అసలే కనబడదు. ఇంకో ఫోటో పంపమని వాట్సాప్‌లో అడిగే ఓపిక ఉంటే అడుగుతుంది, లేకపోతే ఇంకో దుకాణం వెతుక్కుంటుంది. అంచును వెలుతురులో పరిచి దగ్గరగా తీసిన ఒక్క ఫోటో లేకపోవడమే ఆ పేజీలోని అతిపెద్ద లోపమన్న సంగతి నేతకారుడి భార్యకు తెలుసు, చీర కొనే ఇల్లాలికి తెలుసు. తీర్పరిగా పిలిచిన నిపుణుడికి తెలియదు.

చీరతో జాకెట్టు గుడ్డ వస్తుందా, జోడాలో ఉత్తరీయం కలిసే ఉంటుందా, జరీ ఏ రకానిది, ఉతకడం ఎలా, ముహూర్తానికి ముందే చేరుతుందా అన్న ప్రశ్నలన్నీ ఈ కోవకే వస్తాయి. మొగలిపూల వ్యాపారంలో ఇది మరింత తీవ్రం. ఛత్రపురం, రంగైలుండా, చికిటి ప్రాంతాలలో మొగలిపూలను రాగి డేగిసాలలో ఉడికించి ఆవిరి పట్టి సుగంధం తీస్తారు. ఆ ఆవిరిని చందన తైలంలోకి పడితే అత్తరు అవుతుంది, ఏ నూనే కలపకుండా తీసిన శుద్ధ తైలం రూహ్, వంటల్లో చల్లుకునేది కేవడా జలం. మూడింటి ధరలకూ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. మూడు సీసాలూ ఒకే తీరున కనిపించే పేజీలో ఈ తేడా రెండు వాక్యాలలో చెప్పకపోతే, బిర్యానీలో వేసుకోవడానికి చూసేవారు రూహ్ ధర చూసి బెదిరి పోతారు, అత్తరు కోసం వచ్చినవారు జలం కొని మోసపోయామనుకుంటారు. తయారీదారుకు ఇది పుట్టుకతో తెలిసిన విషయం కనుక చెప్పాలని తోచదు, నిపుణుడికి తెలియనే తెలియదు కనుక అడగాలని తోచదు. మొదటిసారి కొనబోయే మనిషి ఒక్కరే ఆ ఖాళీని చూపించగలరు.

దుకాణానికి వచ్చే ఫోన్లను కూడా ఇక్కడే లెక్కలోకి తీసుకోవాలి. వెబ్‌సైటు చూసిన తరవాత కూడా జనం ఫోను చేసి ఏదైనా అడుగుతున్నారంటే, ఆ జవాబు పేజీలో లేదని గాని, ఉన్నా కనబడలేదని గాని అర్థం. ఫోను పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి నెల రోజులపాటు వచ్చిన ప్రశ్నలను వచ్చినట్టు రాస్తే, ఏ నిపుణుడూ ఇవ్వలేని సమీక్ష పైసా ఖర్చు లేకుండా చేతికి వస్తుంది.

3. చదివేవారు ఒక్కరు కారు

ఈ ప్రాంతపు చరిత్ర తెలిసినవారు మరచిపోకూడని సంగతి మరొకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇప్పటికీ బరంపురం బజారులో ఒడియా, తెలుగు కలిసి వినబడతాయి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి తెలుగు కుటుంబాలు పెళ్ళి బట్టలకు ఇక్కడికే వస్తాయి. ఇక భువనేశ్వర్, సూరత్, ముంబయి నుంచి కొనే మూడో వర్గం ఇంగ్లీషులోనో హిందీలోనో వెతుకుతుంది. ఒకే దుకాణానికి ఇన్ని రకాల కొనుగోలుదారులున్నప్పుడు, ఏదో ఒక నగరంలో కూర్చున్న ఒక్క నిపుణుడు అందరి తరఫునా ఎలా మాట్లాడగలడు? నీల్సన్ కూడా వాడేవారు ఒకరికొకరు పోలిక లేని మూడు నాలుగు వర్గాలైతే ఒక్కొక్క వర్గం నుంచి ముగ్గురినైనా కూర్చోబెట్టాలనే చెప్పాడు. బరంపురం పట్టు దుకాణానికి ఆ లెక్కన తొమ్మిదిమంది చాలు, వారిలో చాలామందిని వెతకడానికి ఎక్కడికో పోనక్కరలేదు, వారం తిరిగేలోపు కౌంటరు ముందుకే వస్తారు.

అలా కూర్చోబెట్టినప్పుడు ఒకేచోట ముగ్గురు మూడు రకాలుగా తడబడడం కనిపిస్తుంది. ధరల పట్టికను కాగితం మీద రాసి ఫోటో తీసి పెట్టడం చాలా ఇంటి వెబ్‌సైట్లలో ఉండే అలవాటు. వయసు మళ్ళిన కొనుగోలుదారుకు అందులోని అంకెలు ఆనవు, వెతికే యంత్రం ఆ పట్టికను అక్షరాలుగా నేరుగా చదవలేదు కనుక దూరం నుంచి వెతికేవారికి అది దొరకకపోవచ్చు, ఒడియా మాత్రమే వచ్చినవారికి తెలుగులో రాసిన పట్టిక ఒక బొమ్మ మాత్రమే. ఈ మూడు లోపాలనూ తయారుచేసినవారు చూడలేరు, ఎందుకంటే ఆ ధరలు వారికి కంఠస్థం. పైగా వారు ఎప్పుడూ ఇంటి వైఫై మీద, ముందే ఆ బొమ్మలన్నీ దాచుకున్న తమ ఫోనులోనే చూస్తారు కనుక, వారి కంటికి సైటు ఎప్పుడూ వేగంగానే తెరుచుకుంటుంది.

4. "అందరి మాటా వింటే చెడిపోతుంది"

ఈ అభ్యంతరమే అన్నిటికన్నా బలమైనదిగా చలామణీ అవుతోంది. అయితే ఇందులో రెండు వేరు వేరు వస్తువులను ఒకే మూటలో కట్టేశారు. జరిగిన ఇబ్బంది ఒకటి, దానికి చెప్పిన మందు మరొకటి. "ఆర్డర్ బటన్ ఎర్రగా పెట్టండి" అన్నది మందు. ఆ మాట అనడానికి ముందు ఆ మనిషి ఆర్డర్ బటన్ కోసం పేజీ అడుగు దాకా వెళ్ళి వెతికి, దొరక్క వెనక్కి వచ్చాడన్నది ఇబ్బంది. మందుల విషయంలో కొనేవారు ఒకరితో ఒకరు ఏకీభవించకపోవడం సహజం, అది వారి పని కాదు. ఇబ్బంది విషయంలో మాత్రం వారిని మించిన సాక్షులు లేరు, ఆ సాక్ష్యంలో వైరుధ్యం కూడా అరుదు. ఇద్దరు ముగ్గురు ఒకేచోట ఆగిపోతే అక్కడ లోపం ఉన్నట్టే. ఒక్కరే ఆగినా, ఆ ఆగడం వల్ల ఆర్డరు పోయేలా ఉంటే దాన్నీ దిద్దవలసిందే. రంగులూ అక్షరాల సొగసూ గురించిన సలహాలను మర్యాదగా విని వదిలేయవచ్చు.

ఈ విభజన తెలియనివారికే పదిమంది మాట గందరగోళంగా కనిపిస్తుంది. నిపుణులు ఇద్దరిని అడిగినా సలహాలు రెండు రకాలుగానే వస్తాయి, అప్పుడు మాత్రం ఆ తేడాను అనుభవభేదం అని గౌరవిస్తారు. సామాన్యులు విభేదిస్తే అజ్ఞానమనీ, నిపుణులు విభేదిస్తే పాండిత్యమనీ పేరు పెట్టే ఈ ద్వంద్వనీతి ఏ తర్కానికీ నిలవదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చే లైకులే చాలినంత అభిప్రాయమన్న వాదం కూడా నిలవదు. చీర ఫోటో నచ్చడం వేరు, చీర ధర, కొలత, చేరే తేదీ తెలుసుకుని డబ్బు కట్టడం వేరు, మొదటిదాని లెక్క రెండోదాని గురించి ఏమీ చెప్పదు.

5. నాసితనం, నమ్మకం

ఇంట్లో చేసిన పేజీ అనుమానం పుట్టిస్తుందన్న మాటను పరిశీలించాలి. పరిచయం లేని దుకాణానికి ముందుగా డబ్బు పంపే మనిషి వెతికేవి ఏవి? దుకాణం పేరు, వీధితో సహా చిరునామా, ఎత్తే ఫోను నంబరు, సరుకు బాగుండకపోతే ఏం చేయాలన్న సమాచారం. ఇవి కేవలం మర్యాదలు కావు. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు ఆన్‌లైన్‌లో వ్యాపారంగా అమ్మే సంస్థ తన పేరు, చిరునామా, సంప్రదించే వివరాలు, ఫిర్యాదుల అధికారి వివరాలు కనబడేలా పెట్టాలనీ, ఫిర్యాదు అందినట్టు 48 గంటలలోపు తెలిపి నెలలోపు పరిష్కరించాలనీ చెబుతున్నాయి. పట్టు అసలైనదని చెప్పడానికి 2004 నుంచి అమలులో ఉన్న సిల్క్ మార్క్, చేనేత అని చెప్పడానికి 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయి. అప్పడాలు, పచ్చళ్ళు అమ్మేవారికి ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ఉంది. వీటిలో ఒక్కటి కూడా డిజైనరు చేతి పనితనం వల్ల పుట్టేది కాదు. అన్నీ యజమాని బీరువాలోనే ఉంటాయి, పేజీ మీదికి ఎక్కించడమే మిగిలి ఉంటుంది. సాదాసీదా పేజీలో ఇవన్నీ ఉంటే కొనేవారు నమ్ముతారు, మెరిసిపోయే పేజీలో చిరునామా వెతకవలసి వస్తే అనుమానిస్తారు. కావాలంటే ఏ కొనుగోలుదారునైనా పక్కన కూర్చోబెట్టి, "ఈ దుకాణానికి డబ్బు పంపుతారా, ఏం చూసి పంపుతారు?" అని అడిగి చూడవచ్చు.

నిపుణుడు తప్పనిసరిగా కావలసిన చోటు ఒకటుంది, దాన్ని దాచడం ఈ వాదానికి అవసరం లేదు. డబ్బు చేతులు మారే భాగాన్ని ఇంటి ప్రయోగాలకు వదలకూడదు. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కొనుగోలుదారుల కార్డు నంబర్లను తమ దగ్గర దాచుకోవడాన్ని రిజర్వు బ్యాంకు ఆపించింది కనుక, చెల్లింపును గుర్తింపు ఉన్న సంస్థకు అప్పగించడమో, యూపీఐతో సరిపెట్టుకోవడమో చేయాలి. భద్రతా సర్టిఫికెట్ లేని సైటును 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజరు సురక్షితం కాదని చిరునామా పక్కనే చూపిస్తోంది, దాన్ని సరిచేయడం చేతకాకపోతే తెలిసినవారికి డబ్బిచ్చి చేయించుకోవాలి. కాని తాళం బిగించడానికి పిలిచిన మనిషికి దుకాణం సర్దే అధికారం కూడా ఇచ్చేయనక్కరలేదు.

6. ఈ నమ్మకం తెచ్చే నష్టం

పక్కన పెట్టిన ఇంటి వెబ్‌సైటు స్థానంలో డబ్బిచ్చి చేయించిన కొత్తది వచ్చినప్పుడు, దానితోపాటు ఒక ఆధారపడడం కూడా వస్తుంది. పట్టునూలు ధర పెరిగి చీర ధర మార్చవలసి వచ్చినా, రెండేళ్ళకోసారి వచ్చే బుఢీ ఠాకురాణీ యాత్రకు దుకాణం వేళలు మార్చవలసి వచ్చినా, అయిపోయిన డిజైను తీసివేయవలసి వచ్చినా ఇంకొకరికి ఫోను చేసి వారి తీరిక కోసం ఎదురు చూడాలి. డొమైన్, అంటే వెబ్‌సైటు చిరునామా, చేసినవారి పేరు మీదే నమోదై ఉంటే, వారితో తగవు వచ్చిన నాడు దుకాణం తన పేరే పోగొట్టుకుంటుంది.

సొంతంగా కట్టుకున్న వెబ్‌సైటుకు ఉన్న అసలు బలం ఇక్కడే తేలుతుంది. పొద్దున కౌంటరు ముందు ఒక కొనుగోలుదారు తడబడిన చోటును సాయంత్రం లోపల దిద్దవచ్చు, మర్నాడు మరొకరి చేతిలో పెట్టి చూడవచ్చు. అభిప్రాయానికి విలువ దాన్ని ఎంత త్వరగా పనిలో పెట్టగలమన్నదాని మీద ఆధారపడి ఉన్నప్పుడు, వినగలిగిన చెవీ దిద్దగలిగిన చెయ్యీ ఒకే మనిషికి ఉన్న ఏర్పాటును లోపంగా చూపించి, ఆ రెంటినీ విడగొట్టడాన్ని ప్రగతిగా అమ్మడం చిన్న వ్యాపారికి అన్యాయం చేయడమే.

కాబట్టి బరంపురంలో గాని, ఛత్రపురంలో గాని వెబ్‌సైటు చేయించుకోమని సలహా ఇచ్చేవారినీ, స్వయంసహాయక సంఘాలకూ నేతకారులకూ ఆ విద్యలో శిక్షణ ఇచ్చేవారినీ ముందుగా ఒక ప్రశ్న అడగాలి: ఈ పేజీని ఖరారు చేయడానికి ముందు ఎంతమంది కొనుగోలుదారుల పక్కన కూర్చుని, వారేం చేశారో చూశారు? ఆ ప్రశ్నకు అంకెతో జవాబు రానప్పుడు డబ్బు కట్టనక్కరలేదు, ఉన్న వెబ్‌సైటును పారేయనూ అక్కరలేదు.